పై సగం బ్యాంకు

ఉదయం తొమ్మిది కావస్తున్నదంటే ఆ ఇంట్లో చప్పుళ్లన్నీ ఒకటొకటిగా అణగిపోయేవి. కుక్కర్ కూత వేయబోయే ముందే అమ్మ పొయ్యి ఆర్పివేసేది. నాయనమ్మ రేడియో కట్టేసి, తన వాలుకుర్చీని గోడవారకు ఈడ్చుకొని పోయేది. పార్సిల్ ఆఫీసుకు బయలుదేరే నాన్న చెప్పులు చేతబట్టుకొని, మునివేళ్ల మీద నడిచి గుమ్మం దాటేవాడు. అటుపిమ్మట చుక్క వచ్చి భోజనాల బల్ల చివర కూర్చునేది.

పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేటంత ఉన్నదని పెట్టిన ముద్దుపేరు అది. డిగ్రీ రెండవ సంవత్సరం ముగిసినా వదలలేదు. ఈ వేసవిలో చుక్క ఒక పెద్ద బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేస్తున్నది. చేస్తున్నదన్న మాటే గాని, ఆ బ్యాంకు మెట్లు ఏ రంగులో ఉంటాయో కూడా ఆమె ఎరుగదు. శిక్షణ అంతా ల్యాప్‌టాప్‌లోనే. పని గంటలు ముగిసేవరకు కెమెరా ముందునుంచి కదలరాదు. వేసవి చివర, అందరిలోకి మిన్నగా చేసిన ఒక్కరికి, చదువు పూర్తికాగానే ఉద్యోగం ఇస్తామని బ్యాంకువారు మాట ఇచ్చారు. ఆ ఒక్కరు తన కూతురేనని నాన్న అప్పుడే పార్సిల్ ఆఫీసంతా చాటి వచ్చాడు.

అమ్మ పని జుట్టు కత్తిరించడం. వీధిలోని ఆడవాళ్లందరూ వచ్చి, వంటింటి స్టూలు మీద మెడకు తువ్వాలు చుట్టుకొని కూర్చునేవారు. కూతురి తల కూడా రోజూ అమ్మే తీర్చిదిద్దేది. పైన ఇస్త్రీ కోటు, కింద మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన పైజామా వేసుకొని పిల్ల బల్ల దగ్గరికి నడుస్తుంటే, నాయనమ్మ ముక్కున వేలేసుకొనేది.

"పై సగం బ్యాంకు, కింద సగం మా ఇల్లు! మధ్యలో ఆ బొత్తాం ఎవరిదే?"

"నాయనమ్మా, ష్! కెమెరా ఆన్ చేస్తున్నా."

మొదటి వారాలు అలా గడిచిన తరువాత, ఒకనాటి సాయంకాలం చుక్క ల్యాప్‌టాప్ మూసినది గాని, చట్రం మాత్రం పోలేదు. తెర మీద ఆమె చుట్టూ ఉండే సన్నని నల్లని చట్రమే అది. తల మీదినుంచి రొమ్ము వరకు, భుజాలకు జానెడు ఎడంగా, ఆమె చుట్టూ నిలిచి ఉన్నది. కింది మూల తెల్లని అక్షరాలలో ఆమె పేరు. దాని పక్కన, మాట వినబడనీయని ఎర్రటి మైకు గుర్తు.

అమ్మ కంచాలు పెడుతూ ఒకసారి అటు చూసినది. "కాస్త పక్కకి తిరిగి రా, ఆ మూల తగిలి గ్లాసు పడుతుంది," అన్నది.

"ఎదురింటి పిల్లకీ వచ్చిందిగా, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర చేరాక," అన్నది నాయనమ్మ. "దానిది మూలలు గుండ్రంగా ఉంటాయి, అందంగా. బ్యాంకు వాళ్లు పిసినారులు, మూలలు కూడా చెక్కించలేదు."

చట్రం బరువు లేనిదే. అయినను దానితో పక్కకు ఒత్తిగిలి పడుకోవడానికి వీలుకాదు. అంచు దిండులోకి దిగబడి నిద్ర చెడుతుంది. బస్సు ఎక్కితే వెనుకవారు విసుక్కొంటారు. క్రమంగా చుక్క బయటికి పోవడమే మానివేసినది. ఎండ వీధిలోనే కాసి, వీధిలోనే వాలిపోయేది. స్నేహితురాలు ఈతకు రమ్మని కిటికీ కింద నిలబడి పిలిచినప్పుడు, చుక్క ఎంతసేపో ఏదో చెప్పినది. ఎర్ర గుర్తు వెలుగుతున్నందున స్నేహితురాలికి ఒక్క మాటైనా వినబడలేదు.

"నవ్వుతున్నావు కాబట్టి బాగానే ఉన్నావన్నమాట. సరేలే, ఉంటా," అని ఆమె వెళ్లిపోయినది.

చుక్క నవ్వడం లేదు. ముఖానికి అలవాటైన నవ్వు దానంతట అదే ఉండిపోయినది. అద్దంలో చూసుకొని, రెండు వేళ్లతో పెదవుల కొసలను కిందికి లాగి విడిచినది. అవి మళ్లీ పైకే పోయాయి. ఉద్యోగమే వస్తే ఈ చట్రం ఇక ఎప్పటికీ ఊడదని ఆమెకు ఎవ్వరూ చెప్పనక్కరలేకుండానే తెలిసినది. ఉద్యోగం రాకపోతే నాన్న పార్సిల్ ఆఫీసులో తల ఎత్తుకోలేడనీ తెలుసు. ఈ రెండు తెలివిడుల నడుమ ఆమె ప్రతి ఉదయమూ కోటు తొడుగుకొని వచ్చి కూర్చునేది.

బ్యాంకులో ఆమెకు అప్పగించిన పని చిన్న వ్యాపారుల రుణ దరఖాస్తులను వడపోయడం. పేరు చూస్తే జాలి పుడుతుందని బ్యాంకువారు పేర్లు కనబడనీయరు. సంఖ్య, పని రకం, స్థలం, అంతే. స్థలం అన్న చోట 'నివాసం' అని ఉంటే పక్కన పెట్టివేయాలి. ఇంట్లో చేసే పనిని బ్యాంకు వ్యాపారంగా లెక్కించదు. చుక్క వేలు ఆ మాట కనబడగానే తడుముకోకుండా నొక్కేది. అలా పక్కన పెట్టిన వారికి వీడియోలో మర్యాదగా కబురు చెప్పడం శిక్షణలో చివరి పరీక్ష. చెప్పవలసిన వాక్యాలు ముందే రాసి ఇచ్చారు. పర్యవేక్షకురాలు తెర మూల తన ముఖం కనబడనీయక కూర్చొని వింటుంది. శిక్షణలో ఉన్నవారు రాసి ఇచ్చినది దాటి మాట్లాడితే వారి గొంతు నొక్కివేసే మీట ఆమె చేతిలో ఉంటుంది. ఖాతాదారుల గొంతు మాత్రం ఎవ్వరూ నొక్కరాదు. అది ఆ బ్యాంకు నియమాలలో మొట్టమొదటిది.

పరీక్షనాడు చుక్క వీపు నిటారుగా నిలిపి కూర్చున్నది. ఎదుటి చట్రం వెలిగినది.

"నమస్కారమండి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను," అన్నది చుక్క, రాసి ఇచ్చిన ప్రకారం.

"నమస్కారమండి," అన్న సమాధానం ల్యాప్‌టాప్‌లోనుంచి ఒకసారి, వంటింట్లోనుంచి ఒకసారి వినిపించినది.

తెర మీద అమ్మ ఉన్నది. ముఖానికి పౌడరు అద్దుకొని, బయటికి పోయేటప్పుడు పెట్టుకొనే చెవిపోగులు పెట్టుకొని, ఫోనును డబ్బాకు ఆనించి నిలబడి ఉన్నది. మాట్లాడినంతసేపు ఖాతాదారులకు ఉండే నిలువుపాటి చట్రం ఆమె చుట్టూ సన్నగా మెరుస్తున్నది. వెనుక స్టూలు మీద, సగం జుట్టు కత్తిరించి ఉన్న ఒక ఆవిడ భుజం మాత్రం కనబడుతున్నది.

కూతురిని చూసి అమ్మ కళ్లు ఒక్కమారు పెద్దవయ్యాయి. తరువాత ఆమె చేయి చెరగుకు తుడుచుకొని, గొంతు సవరించుకొన్నది.

"చెప్పండి మేడమ్ గారూ."

ఏ పేరూ లేని ఒక సంఖ్యను, ఒక వారం కిందట, కాఫీ గుక్కకూ గుక్కకూ నడుమ తాను నొక్కి పక్కన పెట్టినట్లు చుక్కకు లీలగా గుర్తుకు వచ్చినది.

"మీ దరఖాస్తు మాకు అందిందండి. మీ శ్రమను మేము ఎంతో గౌరవిస్తున్నాము. కాని..."

"రాలేదాండీ? పర్లేదు, పర్లేదు. ఎందుకో తెలుసుకోవచ్చా? చెప్పులు కుట్టే అతని పక్క గది ఖాళీగా ఉంది, రెండు కుర్చీలు వేద్దామనుకున్నా. మా అమ్మాయికి చెప్పకుండా చేద్దామని... అదీ మీ బ్యాంకు పనిలోనే ఉందిలెండి. పెద్ద మనిషి."

"నివాసంలో చేసే పనిని బ్యాంకు వ్యాపారంగా పరిగణించదండి."

"ఓహో. ఇంట్లో కూర్చుని చేస్తే పని కాదన్నమాట."

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. కాని స్టూలు మీద ఆవిడ ఊరకుండలేక తువ్వాలు సర్దుకొంటూ, "మరి ఆ మేడమ్ గారు ఎక్కడ కూర్చుని చేస్తున్నారో అడుగు!" అన్నది.

"నువ్వుండమ్మా, చెవి తెగుతుంది," అన్నది అమ్మ.

పర్యవేక్షకురాలి గొంతు చుక్క చెవికి మాత్రమే వినబడేటట్లు మెల్లగా పలికినది. "చాలా బాగా చేస్తున్నారు. ఇక చివరి వాక్యం చెప్పి ముగించండి. ఉద్యోగం మీదే అనుకోండి."

చివరి వాక్యం 'మీరు మాకు ఎంతో విలువైనవారు' అన్నది. నవ్వుతూ చెప్పాలి. తెర మీద అమ్మ కూతురి కళ్లలోకి చూస్తూ, ఎవరికీ తెలియనంత కొంచెంగా గడ్డం ఊపినది. చిన్నప్పుడు బడిలో పద్యం మధ్యలో ఆగిపోయినప్పుడు వెనుక వరుసలోనుంచి ఊపినట్లే, చెప్పు, చెప్పేయ్ అని.

ఆ ఊపే చుక్కను నిలువనీయలేదు.

"ఈవిడ మా అమ్మ," అన్నది. "ఆ దరఖాస్తును పక్కన పెట్టింది నేనే. చూడకుండా పెట్టాను. అది తప్పు, ఎందుకంటే..."

ఎర్ర గుర్తు వెలిగినది. చుక్క పెదవులు కదులుతూనే ఉన్నాయి. తెరలో గాని, ఇంట్లో గాని మాట పుట్టలేదు. "మేడమ్ గారూ, వినబడటం లేదండి," అని అమ్మ వంటింట్లోనుంచి కేకవేసినది. అరచినా లాభం లేదు. చుక్క చట్రం అంచులను రెండు చేతులా పట్టుకొని తోసి చూసినది. అది చలించలేదు.

అప్పుడు ఆమె, కెమెరా ముందు ఎవ్వరూ చేయరాని పని ఒకటి చేసినది. లేచి నిలబడినది. పర్యవేక్షకురాలు చూస్తుండగా వెలిసిన పైజామా తెరకు అడ్డంగా సాగిపోయినది. వంటింట్లోకి పోయి, తల వంచి, అమ్మ నిలువు చట్రంలోకి భుజంతో దూరినది. ఒకరికి మాత్రమే చాలే ఆ చట్రం ఇద్దరి చెంపలు ఆనగానే కిర్రుమని కొంచెం సాగినది. చుక్క సొంత చట్రం గుమ్మం దగ్గరనే ఆగిపోయి, ఖాళీగా గాలిలో వ్రేలాడుతూ ఉండిపోయినది.

"ఎందుకంటే," అన్నది చుక్క, ఆ ఖాతాదారు చట్రంలోనుంచి, స్పష్టంగా, "ఈ వేసవంతా నేనూ ఇంట్లోనే కూర్చుని పని చేశాను. నాది పనైతే మా అమ్మదీ పనే."

పర్యవేక్షకురాలు మీట నొక్కినట్లున్నది. ఏమీ కాలేదు.

"మీరు ఖాతాదారు చట్రంలోనుంచి బయటికి రావాలి," అన్నదామె.

"ఖాళీ లేదండి, చెంప ఇరుక్కుంది," అన్నది అమ్మ. ఇక ఆమె నటించడం మానివేసినది. "ఒసేయ్, ఉద్యోగం పోతుందే! మీ నాన్నకి ఏం చెప్తావు?"

"నువ్వు చెప్పులే అమ్మా, నీకు బాగా వచ్చుగా అబద్ధాలు. ఇందాకంతా నన్ను అండీ అండీ అన్నావు."

నాయనమ్మ గుమ్మం దగ్గర వ్రేలాడుతున్న ఖాళీ చట్రం ముందు నిలబడి, అందులోకి తొంగి చూస్తూ, వంటింట్లోని ఫోనుకు వినబడేటట్లు గట్టిగా అన్నది. "అమ్మా మేడమ్, నేను దాని నాయనమ్మని. మొదటినుంచీ వింటున్నాను. ఇంతకీ ఇప్పుడు ఆ కాగితాన్ని ఏం చేస్తావు? మా కోడలి కాగితాన్ని సొంత కూతురే పక్కన పడేస్తే అది చెల్లుతుందా?"

పర్యవేక్షకురాలు చెడ్డ మనిషి కాదు. నియమాలు తప్ప మరేమీ లేని మనిషి. "చెల్లదు," అన్నది. "దగ్గరి బంధువు చూసిన దరఖాస్తును మరొక అధికారి స్వయంగా వచ్చి పరిశీలించాలి. ఇంటర్న్ శిక్షణ ఈ క్షణంతో ముగిసింది."

పిలుపు ఆగిపోయినది. అమ్మ చుట్టూ ఉన్న చట్రం, ఖాతాదారులకు ఎప్పుడూ పోయినట్లే, పోయినది. దానితో పాటు అందులో ఉన్న ఇద్దరికీ పోయినది; గుమ్మం దగ్గరి ఖాళీ చట్రమూ మాయమయినది. చుక్క రెండు చేతులు పక్కలకు చాపి చూసుకొన్నది. ఏ అంచూ తగలలేదు. పెదవుల కొసలు కిందికి దిగాయి. ఆమె వంటింటి మధ్య నిలబడి, ఆ వేసవిలో మొదటిసారిగా, కడుపారా ఏడ్చినది.

"ఏడవడం అయ్యాక ఆ నీళ్ల సీసా ఇటివ్వు," అన్నది స్టూలు మీద ఆవిడ. "నా తల సగంలో ఉంది."

బ్యాంకు అధికారి మరుసటి వారం వచ్చాడు. కోటు, చేతి సంచి, మెడలో గుర్తింపు కార్డు. వంటింట్లో ఒకావిడ జుట్టు కత్తిరించుకొంటున్నది. ఇంకొక ఇద్దరు గోడకు ఆనుకొని ఉన్నారు. గుమ్మంలో ఒకావిడ బిడ్డను చంకనెత్తుకొని నిలబడి ఉన్నది. అధికారి సంచి తెరవడానికి చోటు కోసం చుట్టూ చూశాడు.

"దరఖాస్తు విషయం మాట్లాడాలి. యజమానురాలు ఎవరు?"

"కత్తెర పట్టుకున్నావిడ," అన్నది చుక్క, నేల ఊడుస్తూ. "మీ ముందు నలుగురున్నారండి. ఆగాలి."

"ఎక్కడ కూర్చోను?"

చుక్క చీపురు ఆపి, వంటిల్లంతా ఒకసారి చూసినది. "అందుకేగా అండీ, దరఖాస్తు పెట్టింది."

అధికారి సంచిని మోకాలి మీద ఆనించుకొని, నిలబడే రాసుకోసాగాడు.