జ్ఞానదంతం

స్తూపం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాక అమ్మ అడిగిన మొదటి మాట, "లోపలికి దారి ఎటు బాబూ?"

"దీనికి లోపల అంటూ ఏమీ లేదమ్మా. మొత్తం ఇటుకే," అన్నాడు గైడు.

"మరి లోపల బుద్ధుడి దంతధాతువు ఉందన్నావుగా. ఆ పన్ను ఎలా పెట్టారు?"

"ముందు పెట్టి, తర్వాత చుట్టూ కట్టారు."

అమ్మ ఆ ఇటుకల గుట్టను కిందినుంచి పైదాకా చూసింది. "ఒక్క పన్నుకు ఇంత కట్టారా," అంటూ చేతిసంచిని గుండెకు హత్తుకుంది. ఆ సంచిలో చిన్న డబ్బా, ఆ డబ్బాలో మా తమ్ముడి పన్ను ఉన్నాయి.

తమ్ముడు ఓడలో వెల్డరు. పోయిన వానాకాలం తుఫానులో డెక్కు మీదనుంచి సముద్రంలో పడ్డాడు. కంపెనీవాడు ఫోను చేసి, మెల్లగా, "గల్లంతయ్యాడండీ," అన్నాడు. చచ్చిపోయాడంటే ఏడ్చేవాళ్ళం. ఉన్నాడంటే వెతికేవాళ్ళం. గల్లంతైనవాడికి ఏం చెయ్యాలో మాకు చెప్పిన నాథుడు లేడు.

వాడి ఒంటిది మాకు మిగిలింది ఆ జ్ఞానదంతమే. నేను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గరే పీకించాను. "ఉన్న కాస్త జ్ఞానమూ పీకించేశావు కదక్కా," అని వాచిన బుగ్గతోనే నవ్వాడు వెధవ. వేరు కొక్కెంలా వంకర తిరిగి ఉందని వింతకొద్దీ దాచాను. ఇక్కడి దంతధాతువు సంగతి ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ అమ్మది ఒకటే పట్టు, దీన్నీ ఇక్కడే పెట్టాలని. అలా పెట్టనివ్వరే తల్లీ అని మొత్తుకున్నాను. గోడలకైనా చెవులుంటాయంటారు, మా అమ్మకు లేవు.

వెనకవైపు రెండు ఇటుకల మధ్య ఒక సందు కనిపించింది. అమ్మ నా వంక చూసింది. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆ చూపు ముందు నా కోపం ఎన్నడూ నిలబడలేదు. గైడును పక్కకు తీసుకెళ్ళి, ఈ ఇటుకలు ఎక్కడ కాల్చారు, ఎలా మోశారు అని నోటికొచ్చిందల్లా అడిగాను. పాపం, ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు.

తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది.

"పెట్టేశావా?"

"పడుకోబెట్టాను," అంది అమ్మ.

చెట్టు నీడన కూర్చుని తెచ్చుకున్న రొట్టె తిన్నాం. తినమని నేను బతిమాలకుండా అమ్మ తినడం, ఆ ఫోను వచ్చాక అదే మొదలు. నా ప్రాణం కుదుటపడింది. "వెళ్ళేముందు ఒక్కసారి చూసొద్దామే," అంటే సరేనన్నాను.

సందు లేదు. అక్కడ తడి సున్నం మెరుస్తోంది. స్తూపానికి మరమ్మతు చేస్తున్న తాపీమేస్త్రి పక్క సందును ఇనుప చువ్వతో గీకుతున్నాడు.

"ఇందులో ఉన్నదాన్ని ఏం చేశారు?" అన్నాను.

"చెత్తేనా అమ్మా? గీకి తీసేశాం. సందు శుభ్రం చెయ్యకపోతే సున్నం పట్టదు." అటు పక్కన కుప్ప చూపించాడు. రోజంతా గీకింది అక్కడే పోశారట. పాత సున్నం పెళ్ళలు, ఇటుక ముక్కలు. పెళ్ళలన్నీ తెల్లగా, పంటి సైజులో ఉన్నాయి.

అమ్మ మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో కెలకసాగింది. నేనూ కూర్చున్నాను. సంగతి చెబితే మేస్త్రి కసరలేదు, చువ్వ పక్కన పడేసి తనూ కూర్చున్నాడు. ఎవరిమీద అరవాలో నాకు తెలియలేదు. ఆయన తన పని తను చేశాడు.

గేటు మూసేస్తున్నామని కాపలావాడు ఈల వేశాడు. అమ్మ దోసిలి నిండా తెల్ల పెళ్ళలు పట్టుకుని నా ముందు చాపింది.

"రోజూ పళ్ళు చూసేదానివేగా. ఇందులో వాడిది ఏదో చెప్పు."

ఒక్కొక్కటే తీసి, తిప్పి చూసి పక్కన పెట్టాను. దేనికీ ఆ వంకర వేరు లేదు. దోసిలి ఖాళీ అయింది.

"అయితే ఇదీ గల్లంతేనా?" అంది అమ్మ.

ఇంకో మాట కోసం వెతికాను. దొరకలేదు.

"గల్లంతేనమ్మా," అన్నాను, ఆ కంపెనీవాడు చెప్పినంత మెల్లగా.