గాలి లేని గుడారం

"సూదీ! ఓ సూదీ! తుపాను దిగాడు, బయటికి రా."

బాబాయి కేకకి ఆమె మిషను మీంచి తలెత్తలేదు. పళ్ళ మధ్య దారం ఉంది మరి. కొండదారి మొదట్లో ఉన్న ఆ గుడారాల కొట్టులో ఆమెని అందరూ సూది అనే పిలిచేవారు. అతణ్ణి తుపాను అనేవారు. వచ్చేపోయేవాళ్ళకి దారి చూపిస్తూ మంచుకొండలన్నీ తిరిగే అతను, ఏటా దిగొచ్చేటప్పుడు చిరిగిన గుడారాన్నీ, దాన్ని చింపిన తుపాను కథనీ మోసుకొచ్చేవాడు.

ఆ రోజులే వేరు. ఆమె అతుకు వేస్తుంటే అతను ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. మెడదాకా మంచులో కూరుకుపోయిన జడల బర్రెలు, గాలికి తిరగబడిన తాళ్ళ వంతెన, ఒడ్డంతా ఉప్పు పేరుకున్న నీలాల సరస్సు. మొదటి మలుపైనా ఎక్కని ఆమె, ఆ సరస్సు ఒడ్డున కలలో ఎన్నిసార్లు నడిచిందో. బెత్తెడు అతుక్కి పూటంతా పట్టేది. "కథ అయ్యేదాకా మా పిల్ల కుట్టు ముడెయ్యదు," అని బాబాయి ఎగతాళి చేసేవాడు.

ఈసారి గుడారానికి చిరుగు లేదు.

"అమ్మేద్దామని తెచ్చాను," అన్నాడు తుపాను. "పైదాకా రోడ్డు పడింది. అందరూ జీపుల్లోనే పోతున్నారు, నేనెవరికి కావాలి? కింద సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని దొరికింది. ఇప్పుడొచ్చే లారీకి వెళ్ళిపోతా."

"మళ్ళీ రావా?"

"ఇంకేం పనుందని?"

ఆమెకి గుండెలో పోగేదో పుటుక్కున తెగినట్టయింది. పైకి మాత్రం "సరే" అంది.

పాత గుడారం కొనాలంటే ముందు పెరట్లో వేసి, లోపల కూర్చుని, తలుపు మూసి చూడాలి. తను చూసిన ఎండావానా గాలీ మంచూ గుడారం లోపల దాచుకుంటుంది కదా. పిడుగులు దాచుకున్నవాటిని బాబాయి ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు కాదు. "కొన్నవాడు పడుకోవాలా వద్దా?" అనేవాడు. అతుకులకైతే ఇదంతా అక్కర్లేదు. అందుకే అతని గుడారంలోకి ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు.

"స్వెట్టరు వేసుకుని దూరవే. వీడి తుపానులన్నీ అందులోనే ఉంటాయి. నీకు జలుబు చేస్తే మీ పిన్ని నన్ను తిడుతుంది," అన్నాడు బాబాయి.

"చూడ్డం ఎందుకులెండి," అన్నాడు తుపాను కంగారుగా. "ఎంతిస్తే అంతే తీసుకుంటాను."

ఆమె అప్పటికే లోపలికి వెళ్ళి తలుపు మూసింది.

నీలాల సరస్సు. ఒడ్డున ఉప్పు. దూదిపింజల్లా మెల్లగా రాలుతున్న మంచు, ఎక్కడో జడల బర్రెల మెడగంటలు. అతను చెప్పినవన్నీ ఉన్నాయి. ఆమె తుపాను కోసం కాచుక్కూర్చుంది. ఒక కనుమ వెళ్ళి ఇంకో కనుమ వచ్చింది, పొద్దు వాలింది, మళ్ళీ పొడిచింది. గాలి మాత్రం లేదు. గుడారం గుడ్డ ఒక్కసారైనా రెపరెపలాడలేదు.

ఆమె తన పాత అతుకుల్ని వేలితో తడిమింది. గాలి చింపితే వంకరటింకరగా చిరుగుతుంది. ఇవన్నీ గీత గీసినట్టున్నాయి. అప్పట్లో కథల్లో పడి చూసుకోనేలేదు.

"తేల్చావా? లారీ వచ్చేసింది," బయటి నుంచి బాబాయి.

"దీన్ని కొనకు బాబాయ్."

"ఏం, చిల్లులా?"

"కొనకు, అంతే."

తలుపు కాస్త తొలగించి తుపాను తొంగిచూశాడు.

"లోపలికి రా. మంచు బయటికి పోతోంది," అందామె.

వచ్చి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. జుట్టు మీద మంచు పడుతున్నా దులుపుకోలేదు.

"గాలేది?"

అతను తలుపు గుడ్డని ఇంకాస్త దగ్గరగా లాగి మూశాడు.

"ఇన్నేళ్ళూ తుపానులని చెప్పావు. ఇక్కడ గడ్డిపోచైనా కదల్లేదు. మరి ఎలా చిరిగింది?"

బయట లారీ హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. బాబాయి ఎవరితోనో ఏదో అన్నాడు, తర్వాత ఇంజను చప్పుడు మలుపులు తిరుగుతూ కిందికి దిగిపోయింది. అతను కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"కత్తితో," అన్నాడు చివరికి. "దిగే ముందు ప్రతిసారీ నేనే కోసేవాణ్ణి. బాగున్న గుడారం పట్టుకుని నీ దగ్గరికి ఏమని రాను?"