మసిగాడి మాట

మూడేళ్లయినా ఆమె పేరు కొత్తమ్మే. మొన్న మొన్న వచ్చిన పోస్టు జవాను అప్పుడే ఊరందరికీ తమ్ముడైపోయాడు గానీ, మూడు చలికాలాలు లాయంలో లద్దె ఎత్తిన మనిషి మాత్రం ఇంకా కొత్తదే. ఆ ఊరి తీరే అంత, ఏం చేస్తాం. నీళ్లు పట్టు, గడ్డి వెయ్యి, పక్కకు జరుగు. ఇన్నేళ్లలో ఊరు ఆమెతో ఆడిన మాటలు ఇంతకు మించి లేవు.

అందుకే ఆమె కబుర్లన్నీ మసిగాడితోనే. మసిగాడంటే లాయంలో చివరి గదిలో ఉండే బూడిదరంగు గుర్రం. మాలీసు చేస్తూ కాలి పగుళ్ల దగ్గర్నుంచి కలల దాకా వాడికి చెప్పుకునేది. చివర్న రోజూ ఒకటే మాట: "ఇంకా కోపం పోలేదట్రా? తప్పయిందన్నానుగా." ఆ తప్పేమిటో తోటివాళ్లు ఒక్కరూ అడగలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతోందని నవ్వుకున్నారు, అంతే.

ఆ పొద్దున లాయం గుమ్మంలో తోళ్ల కార్ఖానా బండి ఆగింది. యజమాని తనే తాడు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"మసిగాణ్ణి బయటికి తియ్యి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఊరు దాటాలి."

కొత్తమ్మ చేతిలోని బ్రష్షు జారి బకెట్లో పడింది. "తోళ్లకా? వాడికేం రోగమయ్యగారూ? ఉలవలు ఒక్క గింజ వదలడు."

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు తింటోంది. రోగం కాదు, ఇది మూగది. ఇవాళ్టితో పన్నెండేళ్లు నిండాయి."

"మూగదేమిటి?"

యజమాని ఆమెను ఎగాదిగా చూశాడు. "గుర్రమన్నాక జన్మలో ఒక్కసారి మాట్లాడుతుంది. ఒక్క మాట, ఎవరో ఒక్కరితో. ఎవరితో మాట్లాడితే వాళ్లదే గుర్రం. పన్నెండేళ్లలోపు మాట్లాడకపోతే మూగదన్నట్టే. మూగదాన్ని ఊళ్లో ఉంచకూడదు. పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు, నీకు తెలీదా?"

తెలియదు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ ఎవరికీ చెప్పరు కదా, అందులోనూ కొత్తమ్మకు ఎవరు చెబుతారు? ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"ఒక్కసారేనా అయ్యగారూ? తర్వాత ఇంకెప్పుడూ మాట్లాడవా?"

"ఒక్కసారే. మా నాన్న గుర్రం 'ఆ బావి నీళ్లు తాగొద్దు' అంది. ఆ మాటతోనే ఇంటిల్లిపాదీ బతికాం. దీనికి పన్నెండేళ్లు నా చేత్తో దాణా పెట్టాను. మా తమ్ముడు ఇల్లొదిలి ఎటు పోయాడో చెబుతుందని." ఆయన తాడు ముడి విప్పాడు. "చెప్పలేదు. ఇక తియ్యి."

"వాడు మాట్లాడాడయ్యగారూ. నాతో. నేను పనిలో చేరిన మొదటిరోజే."

బండివాడు పక్కున నవ్వాడు. యజమానికి మాత్రం ఒళ్లు మండింది. "మూడేళ్లు కడుపులో దాచుకుని, బండి వచ్చాక బయటపెడుతున్నావా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

"దాచలేదు. ఈ ఊళ్లో గుర్రాలన్నీ మాట్లాడతాయనుకున్నాను. మీ అందరితో మాట్లాడుకుంటాయి, పరాయిదాన్ని గనక నాతో మాట్లాడవు కాబోలనుకున్నాను."

బండివాడి నవ్వు ఆగిపోయింది.

"అబద్ధమైతే దీంతోపాటు నువ్వూ ఊరు దాటాలి," అన్నాడు యజమాని.

"దాటుతాను. నేను విన్నది నిజం."

నిజమో కాదో తేల్చే మనిషి అక్కడే ఉంది. కార్ఖానా కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చిన గుర్రాల వైద్యురాలు, యజమానికి మేనత్త. గుర్రం నాలుక కింద శనగగింజంత నల్లకాయ ఒకటి ఉంటుంది. మాట బయటపడ్డాక అది కరిగిపోతుంది. ఎవరైనా విన్నామని వస్తేనే నోరు తెరిచి చూడటం అక్కడి ఆనవాయితీ. విన్నవాళ్లు వీధినపడి అరవకుండా ఉంటారని ఆ ఊళ్లో ఎవరికీ తట్టలేదు మరి.

ఆవిడ చెయ్యి కడుక్కుని మసిగాడి దవడ విప్పింది. వేలు లోపలికి పోనిచ్చింది. ఒకసారి తడిమింది, మళ్లీ తడిమింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కాయ లేదురా."

"సరిగ్గా చూడత్తా."

"నలభై ఏళ్లుగా చూస్తున్నాను. మచ్చ కూడా పాతబడింది. కరిగి మూడేళ్లవుతుంది."

యజమాని నమ్మలేదు. తన వేలు తనే పెట్టి చూశాడు. తాడు ఎప్పుడు జారవిడిచాడో ఆయనకే తెలియదు.

"ఏమంది?" అన్నాడు, ఈసారి బతిమాలుతున్నట్టు. "మా తమ్ముడి సంగతేమైనా?"

కొత్తమ్మకు చెప్పాలంటే సిగ్గేసింది, కానీ చెప్పింది. "ఆ రోజు తెల్లారగట్ట నుంచి పంతొమ్మిది గదులు కడిగాను. కాస్త కూర్చోమన్నవాళ్లు లేరు. వీడి తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. 'కాసేపు కూర్చో, నీ కాళ్లు వాచాయి' అన్నాడు."

"అంతేనా?"

"అంతే అయ్యగారూ."

వైద్యురాలు అడిగింది. "నువ్వేమన్నావే అమ్మాయీ?"

"విసుగులో ఉన్నాను. 'నోరు మూసుకో' అన్నాను." కొత్తమ్మ కళ్లు తుడుచుకుంది. "అప్పట్నుంచీ మాట్లాడలేదు. నా మాటకే అలిగాడని మూడేళ్లుగా రోజూ బతిమాలుతున్నాను."

యజమాని కింద పడ్డ తాడు తీసి మేకుకు తగిలించాడు. బండివాడు ఎవరూ చెప్పకుండానే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. వైద్యురాలు కాగితం చింపి జేబులో పెట్టుకుంది.

కొత్తమ్మ మసిగాడి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఇక ఆ గుర్రం ఆమెది, ఆ ఊళ్లో ఆమెదంటూ ఉన్నది అదొక్కటే. అయినా ఆ సంతోషం ఇంకా లోపలికి దిగలేదు.

"జన్మకంతా ఉన్నది ఒక్క మాట. అది నా కాళ్లకు ఖర్చుపెట్టావట్రా?"

వాడు రోజూలాగే ఆమె చొక్కా అంచు నమిలాడు. కొత్తమ్మ మూడేళ్ల కిందట వాడు కూర్చోమన్న చోటే, ఆ గడ్డిలో కూర్చుంది.