పెద్దలు రాసిన లెక్కల పరీక్ష

ఆ వడ్రంగికి కూతురి ప్రోగ్రెస్ కార్డంటే ప్రాణం. ఎనిమిదో తరగతి, లెక్కల్లో తొంభై నాలుగు. పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక వంకన ఆ అంకె చెప్పకుండా వచ్చేవాడు కాదు.

అమ్మాయి చదివే సర్కారు బడిలోనే పుస్తకాల బీరువాలు చేసే పని దొరికింది. ఒక సాయంత్రం బడి వదలగానే కూతుర్ని పిలిచి టేపు చేతికిచ్చాడు. గోడ కొలిచింది పిల్ల. మూడు మీటర్ల అరవై.

"ఒక్కో బీరువా ఎనభై అయిదు సెంటీమీటర్లమ్మా. ఎన్ని పడతాయి?"

పిల్ల గోడ వంక చూసింది, టేపు వంక చూసింది. చివరికి, "ఇది ఏ చాప్టర్ నాన్నా?" అంది.

"చాప్టరేంటే? గోడ!"

"ఏ ఫార్ములాయో చెబితే చేసేస్తాను."

వడ్రంగి టేపు తీసుకుని చుట్టేశాడు. ఇంటికెళ్లి భార్యతో చెప్పాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, అప్పుడే డ్యూటీ దిగి కాళ్లు చాపుకుని కూర్చుంది.

"తొంభై నాలుగొచ్చిన పిల్ల నాలుగు బీరువాలు లెక్కపెట్టలేకపోయింది! బట్టీ, అంతా బట్టీ! రేపు పేరెంట్స్ మీటింగ్‌లో అడిగేస్తాను."

"అడగండి. చిత్రిక పట్టేది కర్రకి కాదు, పిల్లలకి. అది గుర్తుపెట్టుకుని మరీ అడగండి" అంది ఆవిడ.

మర్నాడు తల్లిదండ్రులంతా పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్లు డెస్కులకి కొట్టుకుంటున్నాయి. వడ్రంగి లేచి జరిగింది చెప్పి, "కొంచెం బుర్రకి పని చెప్పే లెక్కలు పెట్టండి మేడం. కష్టమైనా ఫరవాలేదు" అన్నాడు.

వెనక బెంచీలోంచి అతని బావమరిది లేచాడు. బస్ కండక్టర్. బస్సు ముందు తలుపు దగ్గరున్నవాళ్లకి వెనక నుంచే వినిపించే గొంతు.

"ఇదేం న్యాయం బావా? పుస్తకంలో లేనివి అడిగితే మార్కులు తగ్గుతాయి. తగ్గితే పై చదువులకి సీటు నువ్విస్తావా? కూతురి మీద కోపం మా పిల్లల మీద తీర్చుకోకు!"

"సీటొచ్చాక ఏం చేస్తారురా? అక్కడా ఏ చాప్టరని అడుగుతారా?"

నర్సు తల దించుకుంది. ఇటు మొగుడు, అటు తమ్ముడు. మూడో బెంచీలో ఒక అమ్మమ్మ చెయ్యెత్తి, "మా మనవరాలికి ఇప్పటికే బండెడు హోంవర్క్. మీరు ఇంకోటి కలిపితే నేనే బడి మానిపిస్తాను. పిల్ల ఆడుకోవద్దా?" అంది. సగం మంది చప్పట్లు కొట్టారు. తక్కిన సగం వాళ్ల మీద విరుచుకుపడ్డారు.

లెక్కల టీచర్ ఇక ఉండబట్టలేక అంది: "సిలబస్ ఆగితే మీరే నిలదీస్తారు. బట్టీ పట్టించి మార్కులు తెప్పిస్తే మీరే మెచ్చుకుంటారు. మీ మాట ఏది వినమంటారు?"

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టేసరికి హెడ్‌మిస్ట్రెస్ డస్టర్‌తో బల్ల మీద కొట్టింది. "శనివారం అయిదు లెక్కల చిన్న పరీక్ష పెడదాం. ఏ పుస్తకంలోవీ కావు. అప్పుడు మాట్లాడుకుందాం."

"భలే!" అన్నాడు వడ్రంగి.

"పిల్లలతోపాటు మీరూ రాస్తారు."

ముగ్గురు తండ్రులకి శనివారం ఊరెళ్లాల్సిన పని అప్పటికప్పుడే గుర్తొచ్చింది.

అయినా ఆ రోజు చాలామందే వచ్చారు. పెన్నులు లేక పిల్లల దగ్గర అడుక్కున్నారు. రాయడం అయ్యాక పెద్దవాళ్ల కాగితాలు పిల్లల చేతికిచ్చి దిద్దమన్నారు. జవాబులు టీచర్ బోర్డు మీద రాసింది.

ఒక లెక్క ఇది: బస్సుకి నలభై ఎనిమిది సీట్లు, రెండొందల మంది వెళ్లాలి, ఎన్ని బస్సులు కావాలి? పిల్లల్లో చాలామంది 4.16 అని రాశారు, వడ్రంగి కూతురితో సహా. జవాబు అయిదు. కండక్టర్ మాత్రం, 'నాలుగు చాలు, ఎనిమిది మంది నిలబడతారు' అని రాశాడు. తప్పన్నారు. అతను లేచి పోట్లాడాడు. "ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే కదమ్మా! ఎనిమిది మంది కోసం బస్సెవరు తీస్తారు?" టీచర్ పడీపడీ నవ్వి, పూర్తి మార్కులు వేయమంది.

ఇంకో లెక్క: పొడుగాటి దుంగని ఆరు ముక్కలు చేయాలంటే ఎన్నిసార్లు కోయాలి? వడ్రంగి చదివీ చదవకముందే ఆరని రాసి పడేశాడు. ఆ కాగితం దిద్దుతున్నది అతని కూతురే. షెడ్డులో రంపం పక్కనే పెరిగిన పిల్ల, తను అయిదని సరిగ్గానే రాసింది. ఎర్ర పెన్నుతో ఇంత పొడుగు ఇంటూ కొట్టి, "నాన్నా, నువ్వా!" అంది.

వడ్రంగి ముఖం కందిపోయింది. నర్సు తొంగి చూసి, "మీ నాన్నకి కోతలెప్పుడూ ఒకటి ఎక్కువే" అంది. క్లాసంతా గొల్లుమంది. కాసేపటికి అతనూ నవ్వేశాడు.

సగటున పిల్లలకి అయిదింటికి రెండున్నర, పెద్దలకి మూడు వచ్చాయి. విర్రవీగేంత తేడా ఏమీ లేదు.

"మార్కులు కలపకపోతే నాకభ్యంతరం లేదు బావా" అన్నాడు కండక్టర్, కాస్త తగ్గి. "ఇంటికి పంపకపోతే నాకూ లేదు" అంది అమ్మమ్మ. శుక్రవారం చివరి పీరియడ్‌లో అయిదు లెక్కలు, మార్కుల్లేవు, హోంవర్క్ లేదు, లెక్కలిచ్చేది మాత్రం తల్లిదండ్రులే, వంతులవారీగా, ఎవరి పనిలోంచి వాళ్లు. అలా ఒప్పుకుని లేచారు.

మొదటి వంతు నర్సుకి పడింది. యూనిఫామ్‌తోనే వచ్చి బోర్డు మీద సెలైన్ సీసా గీసింది. అయిదొందల మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో ఎక్కాలి, గంటకెంత? నూట పాతికని వెంటనే చెప్పేశారు. అప్పుడు ఆవిడ కూతురే లేచింది.

"మధ్యలో అరగంట ఆగిపోతే? మిగిలింది తొందర తొందరగా ఎక్కించేయొచ్చా అమ్మా?"

"భాగహారం చేస్తే వస్తుంది, ఎంతో చెప్పొచ్చు. కానీ అలా ఎక్కించకూడదు. ముందు డాక్టర్‌ని అడగాలి."

"ఎందుకు?"

నర్సు ముఖం వెలిగిపోయింది. సుద్దముక్క తీసుకుని, "అన్ని నీళ్లు ఒక్కసారిగా మీదపడితే ఇది తట్టుకోవద్దా?" అంటూ సీసా పక్కన గుండె బొమ్మ గీయడం మొదలుపెట్టింది. వెనక బెంచీలో లెక్కల టీచర్ కూడా నోట్‌బుక్ తెరిచింది. ఆ శుక్రవారం అయిదు లెక్కల్లో ఒక్కటే అయింది.