యాసిడ్‌లో పెట్టిన ఎముక

మైనపు దిమ్మ మళ్లీ చీలింది. ఏసీ చెడిపోయి నాలుగు రోజులైంది, మెత్తబడ్డ మైనం బ్లేడుకు అంటుకుపోతోంది. రాజనర్సయ్య మెషిన్ చక్రం ఆపి, దిమ్మను ఐసు ముక్క మీద బోర్లించి, ఎవరినని తెలియకుండానే తిట్టుకున్నాడు. పంజగుట్టలోని ఆ ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా అతని పని ఇదే. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరచడం. వంగి వంగి మెడ ముందుకు సాగింది, బొటనవేలి నిండా బ్లేడు గాట్లు. రిపోర్టు మీద మాత్రం అతని పేరు ఎన్నడూ ఉండదు.

పదకొండింటికి డాక్టర్ అరుణాదేవి ఒక కాగితంతో వచ్చింది.

"రాజనర్సయ్య గారూ, స్వరాజ్యం శాంపిల్ మళ్లీ ఫెయిలైందండీ. జన్యువులన్నీ తునకలైపోయాయట. ఆ ఎముకను యాసిడ్‌లో పెట్టారా ఏంటి?"

"పెట్టకుంటే ఎట్ల కోస్తం మేడం? బొక్క రాయి లెక్కుంటది."

"జీన్ టెస్టుకెళ్లేవి పెట్టొద్దని సర్క్యులర్ ఇచ్చాం కదా. మీ సంతకం కూడా ఉంది."

ఉంది, ఎందుకుండదు? ఇంగ్లీషు కాగితం వస్తే చదవకుండా సంతకం గీకడం ఆ ల్యాబులో అందరికీ అలవాటే. ఎముకను మెల్లగా మెత్తబరిచే మందు సీసా కూడా ఆ కాగితంతో పాటే వచ్చింది. దానికి పది రోజులు కావాలి, యాసిడ్‌కైతే ఒక్క రాత్రి చాలు. తెలిసిన మనిషి కదా, తొందరగా రిపోర్టు ఇద్దామని యాసిడ్‌లో వేశాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

స్వరాజ్యానిది మైత్రీవనం వెనక సందులో ఇడ్లీ బండి. ఆమె మంచం పట్టి బండి మూతపడేదాకా, పదేళ్లు రాజనర్సయ్య పొద్దుటి టిఫిన్ అక్కడే. పొగాకు ముట్టని ఆ మనిషికి ఊపిరితిత్తుల్లో కేన్సర్ పుట్టి తుంటి దాకా పాకింది. "నర్సన్నా, నా బొక్క మీ కాడికే వచ్చిందట. జర జల్ది చూడున్రి" అంది, కుంటుతూనే చట్నీ వడ్డిస్తూ. ఏ జన్యువు చెడి ఆ కేన్సర్‌ను నడిపిస్తోందో తేలితే, దానికి తగిన మాత్ర దొరకవచ్చు. తేలకపోతే సెలైన్‌లో ఎక్కించే మందే గతి, దాన్ని తట్టుకునే బలం ఆమెకు లేదు.

అంతలో అతనికి పోయిన వేసవి సంగతి గుర్తొచ్చింది. ఆమె ఛాతీలోంచి తీసిన నీటి అడుగున పేరుకున్న కేన్సర్ కణాలను కూడా మైనంలో పోశాడు తను. దానికి యాసిడ్ తగల్లేదు!

స్టోర్‌రూమ్‌లో లైటు లేదు. మిఠాయి డబ్బాల్లో కుక్కిన దిమ్మలు వేలకు వేలు, సగం వాటి మీద నంబర్లు చెరిగిపోయాయి. సెల్‌ఫోన్ వెలుగులో మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు. టిఫిన్ బాక్సు మూత తీయనేలేదు. మూడింటికి దొరికింది. లోపల ఉన్నది నువ్వుగింజంత. రోజుకొక్క బ్లేడే వాడాలన్న మేనేజర్ రూలును గంగలో కలిపి, కొత్త బ్లేడు బిగించి, ఊపిరి బిగబట్టి కోశాడు. పది పలకలు, ఒక్క పొర కూడా చిరగలేదు. ఈ సాయంత్రమే కొరియర్‌కు తనే పట్టుకుపోదామనుకున్నాడు.

"నర్సన్నా, కిందికి రా. మహేశ్ వచ్చిండు" అని కౌంటర్ నుంచి పిలిచారు.

మహేశ్ స్వరాజ్యం కొడుకు, అమీర్‌పేటలో షేర్ ఆటో నడుపుతాడు. ఇవాళ యూనిఫాం చొక్కా వేసుకోలేదు.

"అమ్మ పొద్దుగాల పోయింది అన్నా. గా టెస్టు ఇగ బంద్ చేయున్రి."

రాజనర్సయ్య అతన్ని కౌంటర్ పక్కకు తీసుకెళ్లాడు.

"యాసిడ్ల పెట్టి ఖరాబు చేసింది నేనే, మహేశ్. గందుకే అమ్మ రిపోర్టు రాలే."

మహేశ్‌కు అర్థం కాలేదు. రాజనర్సయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరేం చేస్తరన్నా. అమ్మ సుత గదే అనేది, నర్సన్న చూస్తుండు, నాకేం ఫికర్ లేదని."

మళ్లీ చెప్పబోయాడు. మహేశ్ అప్పటికే బయటి మెట్లు దిగుతున్నాడు.

రాజనర్సయ్య పైకొచ్చి, ఏప్రన్ విప్పి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. బల్ల మీద పది గాజుపలకలు వరసగా ఉన్నాయి. ప్రతి దాని అంచునా పెన్సిల్‌తో అతని చేతిరాత, స్వరాజ్యం, 54. పొరల మీది తడి ఇంకా ఆరలేదు.