పుణ్యం ఎత్తుకునే ముందు

"బుధవారం సెలవు పెట్టు. మీ ఆయన పొద్దున్నే సంతకం పెట్టేశాడు, ఇక నీదే మిగిలింది."

అమ్మ ఈ మాట పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది. వాన్ బొటనవేలు వెదురు వలయంలోనే ఆగిపోయింది. పుచ్చకాయ రసం కలిపి ఉడికించిన జిగురు అన్నాన్ని ఆ వలయంలో అదిమి, బిళ్లలు చేసి, తడికల మీద ఎండబెట్టడం ఆమె ఆదివారం పని. ఆరాక నూనెలో వేస్తే పువ్వుల్లా విచ్చుకుంటాయి, పైన బెల్లం పాకం. లంపాంగ్ సంతలో అవి అమ్మ పేరు మీద 'సెంగ్లా అమ్మ బిళ్లలు'గా ప్రసిద్ధి. అవి చేసేది కూతురని ఎవరికీ తెలియదు.

ఏడు నెలలుగా వాన్‌కు ఏ పనీ బరువనిపించడం లేదు. మొదటి భర్త, తన బిడ్డ ఫాయ్ తండ్రి, పోయిన ఐదేళ్లకు, ముప్ఫై మూడో ఏట, మోక్‌ను పెళ్లి చేసుకుంది. అప్పటినుంచి చిన్న చిన్న వాటికే మనసు గంతులేస్తోంది. అద్దం దగ్గర గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానికొకటి వాలి ఉంటాయి. స్కూటరెక్కే ముందు మోక్ ఆమె గడ్డం కింద హెల్మెట్ పట్టీ బిగిస్తాడు, ప్రతిసారీ చర్మం నొక్కుకుందేమోనని వేలు పెట్టి చూస్తాడు. పింగాణీ కార్ఖానాలో గిన్నెల మీద కోడిపుంజులు వేస్తుంటే తోకకు ఒక వంపు ఎక్కువైపోతోంది. "నీ పుంజులకు పెళ్లి కళొచ్చింది, కాస్త తగ్గించు" అని మేస్త్రి రెండుసార్లు మందలించాడు కూడా.

అలాంటి మోక్ తనకు చెప్పకుండా సంతకం పెట్టాడా?

తమ్ముడు తన్‌కు, అతని భార్య పిన్‌కు పెళ్లయి ఆరేళ్లు. రెండేళ్ల క్రితం గడ్డల వల్ల పిన్ గర్భసంచి తీసేశారు. అండాశయాలు మిగిలాయి. పొట్టంతా నీలం మచ్చలయ్యేలా సూదులు పొడిపించుకుని, అండాలు తీయించుకుని, తన్ బీజంతో కలిపించుకుంది. మూడు పిండాలు చియాంగ్‌మాయ్ ఆసుపత్రిలో గడ్డకట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి మోయడానికి ఓ గర్భం కావాలి. చట్టం ప్రకారం రక్తసంబంధం ఉండాలి, పెళ్లయి ఉండాలి, ఒక బిడ్డనైనా కని ఉండాలి, భర్త ఒప్పుకోవాలి. ఇంట్లో అందరి చూపూ వాన్ మీద పడింది.

"నీకేంటే, ఫాయ్‌ను దగ్గినంత తేలిగ్గా కన్నావు" అంది అమ్మ ఇంతకుముందే ఒకసారి. "ఖాళీగా ఉన్న గదేగా, తొమ్మిది నెలలు తమ్ముడికిస్తే అరిగిపోతుందా? ఇప్పుడు తొందరపడాలి. ఫ్రీజర్లో పెట్టిన చేపే మూడు నెలలు దాటితే చప్పబడిపోతుంది, అది పసిప్రాణం."

ఖాళీ గది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా వాన్‌కు తన పొట్టలో ఎవరో దీపం ఆర్పి తాళం వేసుకుపోయినట్టు ఉండేది. నిజంగా ఖాళీయేనా? ఆ గదిలో మోక్ బిడ్డ ఉండాలని తనకుందో లేదో ఆమె ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకోకుండా కొన్నాళ్లు ఊరికే ఉండాలని, శనివారాలు స్కూటరు మీద నది ఒడ్డున తిరగాలని, పొట్ట మీద మోక్ తల పెట్టుకుంటే అక్కడ తామిద్దరే ఉండాలని ఉంది. కానీ ఇది పైకి ఎలా అనడం? ఇక్కడ ఈ పనికి పెట్టిన పేరే అలాంటిది. పుణ్యాన్ని ఎత్తుకోవడం అంటారు. బరువు మోయమంటే వద్దనొచ్చు, పుణ్యం ఎత్తుకోమంటే ఎవరు వద్దంటారు? వద్దంటే మిగిలేది పాపమే కదా.

అమ్మ నూనె కొనడానికి వెళ్లింది. కాసేపటికి పిన్ వచ్చి తడిక పక్కన కూర్చుంది. చేతిలో ఆసుపత్రి వాళ్లిచ్చిన కరపత్రం, నాలుగు మడతలు నలిగిపోయి ఉంది.

"సంతలో గుడ్లమ్మే ఆమె నన్ను చూసి, 'ఇవాళ ఎన్ని పెట్టావమ్మాయ్?' అంది వదినా. పదకొండు అండాలొచ్చాయని అత్తయ్య ఊరంతా చెప్పారు."

"నువ్వేమన్నావ్?"

"కూత పెట్టాకే లెక్క చెప్తానన్నాను."

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే పిన్ కళ్లు తుడుచుకుంది. తర్వాత కరపత్రం విప్పింది.

"ఇది మోసేవాళ్ల కోసం ఇచ్చారు. మీరు చూశారా?"

"నాకెవరిచ్చారు?"

తలలు ఆనించి చదువుకున్నారు. పిండానికి తమ భాషలో ఉన్న మాట 'లేత ఒళ్లు'. అది చదివి వాన్ వేళ్లు తనకు తెలియకుండానే పిన్ మోకాలి మీదకు వెళ్లాయి. మోసే స్త్రీ అండం వాడరు, బిడ్డ పోలికలు అండం, బీజం ఇచ్చినవాళ్లవే అని రాసి ఉంది. పుణ్యం అన్న మాట కాగితమంతా వెతికినా లేదు. 'ఒకరి బదులు గర్భం ధరించడం' అని మాత్రం ఉంది. దాని కిందే, 'ధరించే స్త్రీని విడిగా కూర్చోబెట్టి ఆమె ఇష్టం అడగాలి' అని ఉంది.

పిన్ వేలు ఆ వరుస దగ్గర ఆగింది.

"మీకిష్టమేనా వదినా?"

అమ్మ చెప్పింది, తమ్ముడు దణ్ణం పెట్టాడు, మోక్ సంతకం చేశాడు. ఈ ప్రశ్న మాత్రం, అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న పిల్ల అడుగుతోంది.

"ముందు ఒకటి చెప్పు. మూడు నెలలు దాటితే పాడవుతాయా అవి?"

పిన్ తల దించుకుంది. "లేదు. ఏళ్ల తరబడి ఉంటాయట. వాటికి వయసు కూడా రాదన్నారు డాక్టరమ్మ."

"మరి అమ్మకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఆగుతారని భయమేసింది." పిన్ కరపత్రం మడతలు నిమిరింది. "తప్పే. అందుకే కరపత్రం తెచ్చాను."

వాన్ ఆమె తలను భుజానికి ఆనించుకుంది. కోపం రావాలి, రాలేదు. అదే చోట తానుంటే తనూ నోరు మూసుకునేదేమో.

"అయితే విను. ఈ ఏడాది నాది. ఏడాది తర్వాత మళ్లీ అడుగు. అప్పుడు ఔననొచ్చు, కాదనొచ్చు. మాట మాత్రం నా నోటి నుంచే రావాలి."

పిన్ ముక్కు ఎగబీల్చి, "కాదంటే ఏడుస్తాను. అయినా అడుగుతాను" అంది.

"ఏడువు. పక్కనే కూర్చుంటాను."

మోక్ స్కూటరు ఆగింది. వెనక నూనె డబ్బాతో అమ్మ. వాన్ మొహం చూడగానే మోక్‌కు అర్థమైనట్టుంది. "అత్తయ్య కాగితం పెడితే... నీకు తెలుసనుకున్నాను. అడగాల్సింది. తప్పు చేశానా?"

"తొందరపడ్డావు. ఆ కాగితంతో ఏడాది వరకూ పని లేదులే."

అతను సిగ్గుగా తల గోక్కున్నాడు. అమ్మ డబ్బా దబ్బున దించింది.

"ఏడాదా? ఎవర్నడిగి చెప్తున్నావే?"

"నన్ను, అమ్మా" అంది వాన్.