కంచు పలకల మీద బూటు

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఇండోనేషియా వాళ్ల వేడుక. తమ దేశపు కంచు వాద్యాల మేళం గామెలాన్‌ను నేర్పే సులాస్త్రి, ఆమె శిష్యురాలు గీతాంజలి చెప్పులు విప్పి వేదిక మీద వాయిద్యాల ముందు కూర్చున్నారు. వాటికి కాలు తగలకూడదని సులాస్త్రి మొదటి రోజే చెప్పింది.

పాప్ గాయకుడు రెండీ వచ్చి, ఫొటో కోసం ఒక వాయిద్యం కంచు పలకల మీద బూటుకాలు పెట్టాడు. "మ్యూజిక్ అంతా రికార్డెడ్ ట్రాక్‌లో ఉంది. మీరు వాయిస్తున్నట్టు యాక్ట్ చేయండి చాలు," అన్నాడు.

సులాస్త్రి పలకలకు అంటిన బూటు మట్టిని తన శాలువాతో తుడుస్తుంటే గీతాంజలి లేచి నిలబడింది.

"ఆంటీ, ప్యాక్ చేసేద్దాం."

అతను పాడుతుండగానే ఇద్దరూ వాయిద్యాలన్నీ వ్యాన్‌లోకి చేర్చారు. ఎవరూ ఆపలేదు. జనం ఈలలు వేస్తూనే ఉన్నారు.

"పాప్ నేనూ వింటాను. కానీ వాయిద్యాలు వెళ్లిపోతున్నా ఈలలు వేస్తున్న వీళ్లంతా మావాళ్లే కదా," అంది సులాస్త్రి అసహ్యంగా.

గీతాంజలి వ్యాన్ స్టార్ట్ చేసింది.